గాలిలో ఉన్న చెరువుకు నీరటి ఎవరు?

(సెల్‌ఫోన్ తరంగాలు, చిన్న సెల్లులు, ఉమ్మడి వాడకం అనే అంశంపై మండల రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి విత్తనాల మీద, మద్దతు ధర మీద, కౌలు రైతుల మీద మాట్లాడిన మిత్రులు ఉన్నారు. నాకు అప్పజెప్పింది సెల్‌ఫోన్ తరంగాల సంగతి. ఇంట్లో ఈ మాట చెబితే మా ఆవిడ నవ్వింది. "పదో తరగతి చదివినోడివి, స్టార్టరు కాలిపోతే మెకానిక్కును పిలుస్తవు, టవర్ల గురించి నువ్వేం చెప్తవు?" అన్నది. నిజమే, నేను ఇంజనీరును కాను. కాని చెరువు కింద వంతు నీళ్లు కట్టుకున్నవాణ్ని, ఆఖరు మడి రైతుకు నీళ్లెందుకు అందవో తెలిసినవాణ్ని. ఈ తరంగాల లెక్క చదువుతూ పోతే ఇది కూడా నీళ్ల పంపకం లాంటిదేనని అర్థమైంది. ఆ ధైర్యంతోనే నిలబడ్డాను.

ముందు ఒక సంఘటన చెబుతాను.

మా పెదనాన్న కొడుకు, నాకు అన్న వరస. మూడేళ్ల కిందట యాసంగిలో పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోయింది. మీకందరికీ తెలిసిన తంతే. లైన్‌మన్‌కు తీరిక దొరికే దాకా ఆగితే వరి ఎండుతుంది. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ అడిగాడు, కరెంటు ఆపారు. అన్న పని మొదలుపెట్టాడు. అది అనుకున్నంత సేపట్లో కాలేదు. ఇంకో పావుగంట ఆగమని చెప్పడానికి ఫోన్ చేస్తే కలవలేదు. గుట్ట వెనక పొలం, అక్కడ సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. అటు నుంచి ఆపరేటరు చేస్తే ఇతని ఫోను అందుబాటులో లేదని వచ్చింది. పని అయిపోయిందనుకుని లైను ఇచ్చారు. అన్న బతికాడు. కుడి చేతి రెండు వేళ్లు పోయాయి. ఇప్పుడు పాలు పిండలేడు, కొడవలి పట్టలేడు.

రైతు ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి పెట్టాల్సి రావడమే తప్పు. ఆ పోరాటం మన సంఘం ఎప్పటి నుంచో చేస్తున్నది, అది వేరే కథ. కాని ఆ రోజు ఆ రెండు వేళ్లకూ సబ్‌స్టేషన్‌కూ మధ్య ఉన్నది ఒక్క ఫోన్ కాల్. అది కలవలేదు. అప్పటి నుంచి నాకు సిగ్నల్ అంటే సినిమాలు చూసుకునే సరదా కాదు, సేద్యానికి కావలసిన పనిముట్టు.

ఫోను లేని రైతు రైతే కాదంటున్నారు

ప్రభుత్వాలు మన పనులన్నీ ఒక్కొక్కటిగా ఫోనులోకి ఎక్కించాయి. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో. అవి పడాలంటే ఈ-కేవైసీ చేయాలి, ఓటీపీ రావాలి, లేదంటే వేలిముద్ర పడాలి. 2018 నుంచి దేశమంతా యూరియా బస్తా పీఓఎస్ మిషన్ మీదే అమ్ముతున్నారు. వేలు పెడితే మిషన్ ఢిల్లీ దాకా పోయి ఆధార్ చూసి రావాలి. పంట నమోదు యాప్‌లోనే. ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో మెసేజ్‌లోనే. ఇప్పుడు రైతుకు గుర్తింపు సంఖ్య ఇచ్చి భూమి, పంట, పథకం అన్నీ దానికే కడుతున్నారు.

మిషన్‌కు సిగ్నల్ లేక క్యూలో చెప్పులు పెట్టి చెట్టు కింద కూర్చున్న రోజులు మీరూ చూశారు. మిషన్ పట్టుకుని డాబా మీదికి ఎక్కి, గోడ పక్కన నిలబడి, వేలు పెట్టించుకున్న గుమాస్తాను నేను చూశాను. అందులో ఆ గుమాస్తా తప్పేమీ లేదు. బస్తా గోదాములో ఉంది, రైతు గుమ్మం ముందు ఉన్నాడు, డబ్బు జేబులో ఉంది. అడ్డం నిలబడింది గాలి.

మరి ఆ గాలి ఎవరిది?

గాలి తరంగాలు ప్రజల ఆస్తి

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే జవాబు చెప్పింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ వచ్చిన తగాదా అది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని ఆ తీర్పు తేల్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు ఉన్నారు. ఆయన విడిగా రాసిన తీర్పులో కూడా ఇదే చెప్పారు. ఈ ఆస్తిని ప్రజల మేలు కోసమే వాడాలి, ప్రభుత్వం చేతిలోనో డబ్బున్నవాళ్ల చేతిలోనో గుత్తగా ఉండకూడదు అన్నది దాని సారం.

తరువాత 2012 ఫిబ్రవరి 2న అదే కోర్టు 2జీ కేసులో 122 లైసెన్సులు రద్దు చేసింది. ముందొచ్చినవాడికి ముందు అంటూ ప్రజల ఆస్తిని పంచిపెట్టడం చెల్లదన్నది. అప్పటి నుంచి ప్రైవేటు కంపెనీలకు ఫోన్ తరంగాలను వేలంలోనే ఇస్తున్నారు. 2022లో జరిగిన 5జీ వేలంలో 1,50,173 కోట్ల రూపాయల విలువైన తరంగాలు అమ్ముడుపోయాయి.

దొడ్డిదారిన ఇచ్చేకంటే వేలం నయమే. కాని ఒక్క మాట ఆలోచించండి. చెరువు ఊరందరిదీ అని ఒప్పుకుని, ఆ చెరువులో చేపల హక్కు వేలం వేస్తాం. పాడుకున్నవాడు చేపలు పట్టుకుంటాడు. తూము మూసిపెట్టే హక్కు మాత్రం అతనికి ఇవ్వం. తరంగాల వేలంలో తూము హక్కు కూడా కలిపి ఇచ్చేశారు. పాడుకున్న కంపెనీ వాడుకోవచ్చు, చాలా చోట్ల వాడకుండా ఉంచుకోనూ వచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి టెలికాం లెక్కలో ఇప్పటికీ ఒకటే సర్కిల్. దేశం మొత్తం మీద ఉన్నవి 22 సర్కిళ్లు. ఇక్కడ పాడుకున్న కంపెనీకి హైదరాబాద్ నుంచి ఇచ్ఛాపురం దాకా, ఆదిలాబాద్ నుంచి కుప్పం దాకా ఆ తరంగం మీద హక్కు వస్తుంది. మా గుట్ట వెనక అది టవరు వేయకపోయినా, ఆ గాలి దానిదే. ఇంకొకరు వాడితే నేరం.

మైకు, అరుగు

ఇప్పుడు టవర్ల సంగతి. దీన్ని మన ఊరి పద్ధతిలో చెబుతాను.

గుడి గోపురం మీద మైకు పెట్టి ఒకరు మాట్లాడితే ఊరంతా వినిపిస్తుంది. కాని ఆ సేపు ఇంకెవరి మాటా సాగదు. అదే ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటే ఒకే సాయంత్రం ఊళ్లో యాభై ముచ్చట్లు నడుస్తాయి. ఒకరి మాట ఇంకొకరికి అడ్డం రాదు. భాష ఒకటే, గాలి ఒకటే. తేడా గొంతు ఎంత దూరం పోతుందన్న దగ్గరే.

1946లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కారు ఫోన్లు మొదలైనప్పుడు పద్ధతి మైకు లాంటిదే. ఊరికంతా ఒక ఎత్తయిన టవరు. ఒకేసారి కొద్దిమందే మాట్లాడగలిగేవారు, మిగతావాళ్లు వంతు కోసం కూర్చోవాలి. మరుసటి ఏడు, 1947లో, బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు ఒక ఆలోచన కాగితం మీద పెట్టారు. ఊరిని తేనెపట్టులో గదుల్లాగా విడగొట్టి, ఒక్కో గదికి తక్కువ శక్తితో పనిచేసే టవరు పెడితే, ఒకే తరంగాన్ని దూరం దూరం గదుల్లో మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఆ గదినే సెల్ అన్నారు. సెల్‌ఫోన్ అనే పేరు అక్కడిదే. ఆ ఆలోచన వ్యాపారంగా మారడానికి మూడు దశాబ్దాలు దాటింది. 1979లో టోక్యోలో, 1983లో షికాగోలో మొదలైంది. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న. కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు.

మనుషులు పెరిగారు, మాటలు పోయి బొమ్మలు వచ్చాయి, బొమ్మలు పోయి వీడియోలు వచ్చాయి. గాలి మాత్రం పెరగలేదు. అందుకని గదులను ఇంకా చిన్నవి చేసుకుంటూ పోయారు. కిలోమీటర్ల దూరం పనిచేసే పెద్ద టవరు కింద, వీధికి సరిపోయే చిన్న సెల్లు, ఒక బజారుకో ఆసుపత్రికో సరిపోయే ఇంకా చిన్నది, చివరికి ఇంట్లో గోడకు తగిలించుకునే పెట్టె. వీటన్నిటినీ కలిపి స్మాల్ సెల్స్ అంటున్నారు. పట్నంలో కరెంటు స్తంభం మీద చెప్పుల డబ్బా అంత పెట్టె కనిపిస్తే అది చాలాసార్లు ఇదే.

మనం గుర్తుంచుకోవలసింది ఇంకోటి ఉంది. తరంగాల్లో రకాలున్నాయి. 700, 900 మెగాహెర్ట్జ్ లాంటి కింది తరంగాలు దూరం పోతాయి, గోడ దాటుతాయి, చెట్లను కొంత తట్టుకుంటాయి. 3,300 మెగాహెర్ట్జ్, 26 గిగాహెర్ట్జ్ లాంటి పై తరంగాలు ఎక్కువ సరుకు మోస్తాయి, కాని తొందరగా అలసిపోతాయి. కిందివి ఎడ్లబండి లాంటివి, ఏ దారిలోనైనా పోతాయి. పైవి లారీలు, తారు రోడ్డు ఉండాలి. ఊరి మధ్యన బడి, సొసైటీ, పంచాయతీ ఆఫీసుకు చిన్న సెల్లు పనికొస్తుంది. మూడు కిలోమీటర్ల అవతల ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నిలబడ్డ రైతుకు కింది తరంగమే దిక్కు. చిన్న సెల్లులు వస్తే అన్నీ తీరిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండూ కావాలి.

మూతపడ్డ తూము

ఎడ్లబండి లాంటిదన్న ఆ 700 మెగాహెర్ట్జ్ తరంగం ఏమైందో చూడండి. పల్లెకు ఇంతకంటే మంచి తరంగం లేదు. 2016లో దాన్ని వేలానికి పెట్టారు. దేశమంతటికీ ఒక్క మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్ల రూపాయలు కనీస ధర. ఒక్క కంపెనీ పాడలేదు. 2021 మార్చిలో మళ్లీ పెట్టారు, అప్పుడూ ఎవరూ పాడలేదు. ధర 3,927 కోట్లకు దించాక 2022లో ఒకే ఒక్క కంపెనీ కొన్నది. అంటే 2016 నుంచి 2022 దాకా ఆరేళ్లు ఆ తరంగం ఊరికే పడి ఉంది.

నేనేమంటానంటే, నీళ్లు లేక ఆయకట్టు ఎండితే అది కరువు. నీళ్లుండి, తూముకు ధర కుదరక ఎండితే దాన్ని కరువు అనం. ఆ ఆరేళ్లలో ఏ పంచాయతీకో, ఏ సహకార సంఘానికో, "వేలం తేలేదాకా మీ ఊరి మేరకు వాడుకోండి" అని ఇచ్చి ఉంటే ఎవరికి నష్టం? తరంగం వాడితే అరిగిపోయేది కాదు. నిన్న వాడని తరంగాన్ని ఇవాళ దాచుకోనూ లేం. నిన్నటిది నిన్ననే పోయింది.

పాలివాళ్ల బావి: అమెరికా చేసిన పని

ఇక పంచుకునే పద్ధతులు. మన దగ్గర అన్నదమ్ముల ఉమ్మడి బావి ఉంటుంది. పెద్దవాడి వంతు పొద్దున, చిన్నవాడి వంతు సాయంత్రం. ఎవరి వంతూ లేని రాత్రి పూట పక్కింటివాడు అడిగి కూరగాయల మడికి పెట్టుకుంటాడు. వంతుదారుడు వచ్చి మోటరు కావాలంటే పక్కింటివాడు ఆపేయాలి. తగాదా లేకుండా నడవాలంటే ఇంతే సూత్రం.

అమెరికా సరిగ్గా ఇదే చేసింది. 3,550 నుంచి 3,700 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న తరంగాలు అక్కడ ముఖ్యంగా నౌకాదళం రాడార్లవి. రాడార్లు ఎక్కువగా సముద్ర తీరంలో పనిచేస్తాయి. మిగతా దేశంలో ఆ గాలి చాలావరకు ఖాళీ. 2015లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ దానికి మూడు అంతస్తుల హక్కు పెట్టింది. మొదటి హక్కు నౌకాదళానిది, పాత వాడకందార్లది. రెండోది వేలంలో కొనుక్కున్నవాళ్లది. మూడోది ఎవరైనా వాడుకోగలిగిన సాధారణ హక్కు, దానికి తరంగం రుసుము లేదు. పై ఇద్దరూ వాడని చోట, వాడని వేళ మూడోవాడు వాడుకోవచ్చు. పైవాడు వస్తే తప్పుకోవాలి.

మరి వంతు చూసేదెవరు? దానికొక కంప్యూటరు వ్యవస్థ ఉంది. ఎక్కడ ఎవరు ఏ తరంగం మీద ఉన్నారో రాసుకుంటుంది. ప్రతి చిన్న సెల్లు దాన్ని అడిగి, అది ఒప్పుకుంటేనే మోగుతుంది. తీరంలో రాడారు మోగిందని కనిపెట్టడానికి ప్రత్యేక పరికరాలున్నాయి. అవి కబురు చెప్పగానే మిగతావాళ్లను వేరే తరంగానికి జరుపుతుంది. మన చెరువుకు నీరటి చేసే పనే ఇది. ఎవరి మడి తడిసింది, ఎవరిది తడవాలి, ఏ తూము ఎంత ఎత్తాలి అన్నది నీరటి చూసుకునేవాడు. అక్కడ ఆ నీరటి యంత్రం.

2020లో ఆ రెండో అంతస్తు హక్కులను వేలం వేశారు. ఇక్కడ మనం గమనించవలసింది ముక్కల సైజు. అక్కడ దేశాన్ని 3,000కు పైగా కౌంటీలుగా, అంటే మన జిల్లాలకన్నా చిన్నవిగా కోసి అమ్మారు. పెద్ద ఫోన్ కంపెనీలు కొన్నాయి, వాటితోపాటు పల్లెల్లో ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థలు, కరెంటు సంస్థలు, విశ్వవిద్యాలయాలు కూడా కొన్నాయి. పచ్చరంగు ట్రాక్టర్ల జాన్ డీర్ కంపెనీ అయోవా, ఇల్లినాయిస్‌లలోని తన ఫ్యాక్టరీల కోసం కొన్నది. ముక్క చిన్నదైతే చిన్నవాడు కూడా పాటకు నిలబడగలడు. రెండు రాష్ట్రాలూ కలిపి ఒకే ముక్కగా పెడితే పాడగలిగేది ఇద్దరో ముగ్గురో.

ఒక చిన్న చోటుకు ఏడాదికి 80 పౌండ్లు

బ్రిటన్‌లో 2019 నుంచి ఇంకా సులువైన పద్ధతి ఉంది. 3.8 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ దాకా, ఇంకొన్ని తరంగాల్లో, ఒక చిన్న చోటుకు సరిపోయే లైసెన్సును దరఖాస్తు పెట్టుకున్న క్రమంలో ఇస్తారు. తక్కువ శక్తి లైసెన్సుకు 10 మెగాహెర్ట్జ్‌కు ఏడాదికి 80 పౌండ్లుగా పెట్టారు. దాంతోపాటు ఇంకోటి పెట్టారు, అది మనకు ముఖ్యం. ఫోన్ కంపెనీ దేశం మొత్తానికి కొనుక్కున్న తరంగాన్ని ఒక మారుమూల ప్రాంతంలో వాడటం లేదనుకోండి. అక్కడి వాళ్లు నియంత్రణ సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే, కంపెనీని అడిగి, దానికి ఇబ్బంది లేదని తేలితే, మామూలుగా మూడేళ్లకు ఆ తరంగాన్ని వీళ్లకు ఇస్తారు. రుసుము 950 పౌండ్లుగా పెట్టారు. బీడు పడ్డ భూమిని కౌలుకు ఇప్పించినట్టు.

జర్మనీ 3.7 నుంచి 3.8 గిగాహెర్ట్జ్ దాకా 100 మెగాహెర్ట్జ్‌ను వేలానికి పెట్టకుండా స్థానిక వాడకానికి పక్కన పెట్టింది. ఫ్యాక్టరీలు తీసుకోవచ్చు, వ్యవసాయ క్షేత్రాలు తీసుకోవచ్చు. రుసుము లెక్కలో ఇళ్లూ రోడ్లూ ఉన్న నేలకు ఎక్కువ, మిగతా నేలకు దానిలో ఆరో వంతు. పొలానికి తక్కువ పడేటట్టు సూత్రంలోనే రాసుకున్నారు.

ఇవన్నీ డబ్బున్న దేశాలు కదా అంటారు. సరే, మెక్సికో సంగతి వినండి. ఓహాకా రాష్ట్రంలో తలేయా దె కాస్త్రో అనే కొండ ఊరు ఉంది. కాఫీ పండించుకునే ఊరు. ఇంత తక్కువ జనానికి టవరు వేయలేమని పెద్ద కంపెనీలు రాలేదు. 2013లో ఊరి సభ తీర్మానం చేసి, చందాలు వేసుకుని, తెలిసిన యువకుల సాయంతో తక్కువ ఖర్చు పరికరాలు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుతో సొంతంగా సెల్ నెట్‌వర్క్ పెట్టుకున్నారు. తరువాత అక్కడి చట్టం మారింది. మూలవాసి సమాజాలు లాభం కోసం కాకుండా నడుపుకునేందుకు వేరే రకం అనుమతి వచ్చింది. 2016లో ఓహాకాతో పాటు చియాపాస్, వెరాక్రూజ్, గెరెరో, ప్యూబ్లా రాష్ట్రాల్లో నడిపే హక్కును ఆ సమాజాల సంఘానికి ఇచ్చారు. వాళ్లు ముందు అడిగారు, తరువాత చేసి చూపించారు, ఆ తరువాతే చట్టం వాళ్ల దారికి వచ్చింది. మన ఉద్యమాలకు ఇది కొత్త పాఠం కాదు.

మన చట్టంలో ఏముంది?

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని తీసేసి 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం తెచ్చారు. అందులో ప్రభుత్వానికి ఎక్కువ అధికారాలు ఇచ్చిన భాగాల మీద అభ్యంతరాలున్నాయి. కాని 7వ సెక్షన్ మనం చదువుకోవలసినది. ఒకరికి ఇచ్చిన తరంగాన్ని, వారి వాడకానికి అడ్డు రాకుండా, ఇంకొకరికి రెండో హక్కుగా ప్రభుత్వం ఇవ్వవచ్చు అని అందులో ఉంది. సరైన కారణం లేకుండా నిర్ణీత కాలం వాడకుండా ఉంచితే, వారి మాట విన్న తరువాత, వెనక్కి తీసుకోవచ్చు అని కూడా ఉంది. వంతు బావి సూత్రమూ, బీడు భూమి సూత్రమూ రెండూ చట్టంలోకి ఎక్కాయి. ఎక్కితే సరిపోదు. కౌలుదారు చట్టం పుస్తకంలో ఎన్నేళ్ల నుంచి ఉంది? కౌలు రైతు చేతికి కాగితం ఎంతమందికి వచ్చింది? అడిగేవాడు లేకపోతే ఏ సెక్షనైనా అంతే.

అనుమతి అక్కర్లేని గాలి కొంత ఇప్పటికే మన చేతిలో ఉంది. వైఫై నడిచే తరంగాలకు లైసెన్సు లేదు. 865 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పట్టీ 2005 నుంచే లైసెన్సు లేనిది. నేల తేమ ఎంతుంది, మోటరు నడుస్తుందా ఆగిందా లాంటి చిన్న చిన్న కబుర్లను సిమ్ కార్డు లేకుండా కిలోమీటర్ల దూరం పంపే పరికరాలు దాని మీద పనిచేస్తాయి. మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో ఐఐటీ బొంబాయి వాళ్లు టీవీ ప్రసారాలకు ఇచ్చి వాడకుండా మిగిలిన తరంగాలతో పల్లెలకు ఇంటర్నెట్ ఇచ్చి చూపించారు. 2020 డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి అనే పద్ధతి తెచ్చింది. కిరాణా కొట్టు అయినా, సొసైటీ అయినా లైసెన్సు లేకుండా, రుసుము లేకుండా వైఫై అమ్మవచ్చు. ఇది మన సహకార సంఘాలు రేపే మొదలుపెట్టగల పని.

చిన్న సెల్లులను స్తంభాల మీద పెట్టుకోవడానికి 2022 ఆగస్టులో కేంద్రం నిబంధనలు సవరించింది. పల్లెలో ప్రభుత్వ స్తంభానికి ఏడాదికి 150 రూపాయలు, పట్నంలో 300 అని అప్పుడు పెట్టింది. నెలకు పన్నెండున్నర రూపాయలు! టీ తాగితే అయిపోతుంది. సరే, తక్కువకే ఇద్దాం. కాని తక్కువకు ఇచ్చినప్పుడు ఊరు ఒక మాట అడగాలి కదా: మా స్తంభం తీసుకున్నావు, మా ఊరి చివరి ఇంటికి, మా సబ్‌స్టేషన్‌కు, మా కొనుగోలు కేంద్రానికి సిగ్నల్ ఇస్తావా?

రెండు అనుమానాలు

ఈ విషయం ఎక్కడ మాట్లాడినా రెండు ప్రశ్నలు వస్తాయి. మొదటిది, టవర్లు ఎక్కువైతే జబ్బులు రావా అని. మన దేశం 2012లో టవరు తరంగాల శక్తి పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. చిన్న సెల్లు శక్తి పెద్ద టవరుతో పోలిస్తే చాలా తక్కువ. పైగా టవరు దూరమైతే మన చేతిలోని ఫోనే గట్టిగా అరవాల్సి వస్తుంది, అందుకే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఊరికి భయం ఉంటే కొలిపించమని అడిగే హక్కు ఉంది. భయపెట్టి పంపడం కంటే కొలిపించడం మేలు.

రెండోది, ఇదంతా వస్తే కంపెనీలు వచ్చి మన పొలం వివరాలు దోచుకోవా అని. ఇది సరైన అనుమానమే. దారి వేస్తే బండీ వస్తుంది, దొంగా వస్తాడు. అందుకని దారి వద్దనం, కాపలా పెట్టుకుంటాం. నెట్‌వర్క్ ఊరి చేతిలో, సహకార సంఘం చేతిలో ఉంటే కాపలా కొంత మన చేతిలో ఉంటుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. చిన్న సెల్లుకు వెనక ఫైబరు కావాలి, ఆగని కరెంటు కావాలి, చెడిపోతే బాగుచేసే మనిషి కావాలి. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబరు వైరు అక్కడే చుట్టలు చుట్టుకుని పడి ఉంటే గాలి తరంగం ఎంత ఉన్నా లాభం లేదు. కాలువ తవ్వకుండా తూము ఎత్తినట్టే.

మనం అడగవలసినవి

ఒకటి. సిగ్నల్ లేదన్న కారణంతో ఏ రైతుకూ ఎరువు గాని, పీఎం కిసాన్ గాని, బీమా గాని, పంట నమోదు గాని ఆగకూడదు. ప్రతి దానికీ కాగితం దారి ఒకటి తెరిచి ఉండాలి. ఇది మొదటి కోరిక, ఎందుకంటే టవరు వచ్చేదాకా పంట ఆగదు.

రెండు. 2023 చట్టం 7వ సెక్షన్‌ను పల్లెల్లో అమలు చేయాలి. కంపెనీలు వాడని తరంగాలను పంచాయతీలకు, సహకార సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఊరి మేరకు నామమాత్రపు రుసుముతో ఇవ్వాలి. ఏ మండలంలో ఏ తరంగం వాడుతున్నారో, ఏది ఖాళీగా ఉందో జనం చూసేటట్టు పెట్టాలి.

మూడు. ఇకపై వేలంలో రెండు రాష్ట్రాల ముక్కతో పాటు జిల్లా, మండల ముక్కలు కూడా ఉండాలి. కొంత భాగాన్ని స్థానిక వాడకానికి పక్కన పెట్టాలి.

నాలుగు. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం పల్లెల సౌకర్యాల కోసమే వసూలు చేస్తున్నారు. ఆ నిధి పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. ఆ డబ్బుతో మన మండలంలో ఏం జరిగిందో లెక్క గ్రామసభ ముందు పెట్టాలి.

ఐదు. ప్రతి సబ్‌స్టేషన్ పరిధిలో, ట్రాన్స్‌ఫార్మర్లున్న పొలాల్లో ఫోను కలిసేటట్టు చూడడం విద్యుత్ భద్రతలో భాగం చేయాలి. మా అన్న వేళ్లు తిరిగి రావు. ఇంకొకరివి పోకూడదు.

రేపటి పని

కోరికలు రాసుకుని ఇంటికి పోతే ఆఫీసులో కాగితం మీద కాగితం పడుతుంది. మన చేతిలో లెక్క ఉండాలి. కంపెనీల పటంలో మన మండలమంతా సిగ్నల్ ఉన్నట్టే రంగు వేసి ఉంటుంది. ఆ రంగు తప్పని చూపించాలంటే మన పటం మనం గీయాలి.

ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కు పెట్టండి. ఊళ్లో పది చోట్లు ఎంచుకోండి: సొసైటీ, కొనుగోలు కేంద్రం, బడి, సబ్‌స్టేషన్, చివరి వాడ, గుట్ట వెనక పొలం, ట్రాన్స్‌ఫార్మర్లు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, వారం రోజులు చూడండి. కాల్ కలిసిందా? ఓటీపీ ఎంతసేపటికి వచ్చింది? ఏ కంపెనీ సిమ్? తేదీ, వేళ వేసి రాయండి. చదువుకున్న మన పిల్లలు ఫోన్లలో పాటలు వింటున్నారని తిట్టడం మాని, ఈ పని వాళ్లకు అప్పజెప్పండి. మనకంటే బాగా చేస్తారు. నెల తిరిగేసరికి అన్ని ఊళ్ల పుస్తకాలు కలిపితే మండలం నకాశా తయారవుతుంది. గ్రామసభలో తీర్మానం చేసి, ఆ నకాశా జతచేసి కలెక్టరుకూ, టెలికాం శాఖకూ ఇద్దాం. మా ఊరి పుస్తకం మొదలైంది. మొదటి పేజీ మా అన్న పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మరుది. వారంలో ఇరవయ్యొక్క సార్లు చూస్తే ఎనిమిది సార్లే కాల్ కలిసింది.

చెరువు కట్ట తెగితే ఊరంతా తట్టలు పట్టుకుని పోతుంది, ఎందుకంటే అది మనదని తెలుసు. గాలి కూడా మనదే. కోర్టు చెప్పింది, చట్టమూ కొంత దారి ఇచ్చింది. నీరటిని అడగడమే మిగిలింది.